గేమ్ సందేహాలు: మాంత్రికుడి కవచం ఏ వరసలో విప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఆట గురించి. బయోవేర్ 2000లో తెచ్చిన కంప్యూటర్ ఆట బాల్డర్స్ గేట్ 2, 2013లో వచ్చిన దాని ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్. అడిగిందీ దాదాపు ఒకటే: కవచాల మీద కవచాలు వేసుకుని నిలబడే మాంత్రికుణ్ణి కొట్టేదెలా?

ప్రశ్న: ముగ్గురు ఫైటర్లు చుట్టుముట్టి కొడుతున్నా శత్రు మేజ్‌కి (మాంత్రికుడికి) చీమ కుట్టినట్టయినా ఉండదు. బ్రీచ్ అనే మంత్రం వేస్తే కవచాలన్నీ పోతాయని చదివి వేశాను. వాడికేమీ కాలేదు, నా మేజ్ ఒంటి మీదున్న స్టోన్‌స్కిన్ కవచం పోయింది! ఇదెలా జరిగింది?

జవాబు: మీ బ్రీచ్ మీకే తిరిగొచ్చింది. ఆ మాంత్రికుడి మీద స్పెల్ టర్నింగ్ ఉంది. తన మీదికి గురిపెట్టిన మంత్రాన్ని వేసినవాడి మీదికే తిప్పి పంపడమే దాని పని. బ్రీచ్ వచ్చి మీ మేజ్ కవచాన్ని ఊడ్చేసింది. బ్రీచ్ తప్పేమీ లేదు, దాని వంతు రాకముందే వాడారు.

ఈ ఆటలో మాంత్రికుడి రక్షణలు మూడు రకాలు. మొదటి రకం కంటిని మోసం చేసేవి: మిర్రర్ ఇమేజ్, ఇంప్రూవ్డ్ ఇన్విజిబిలిటీ. రెండో రకం మంత్రాలను ఆపేవి: స్పెల్ డిఫ్లెక్షన్, స్పెల్ టర్నింగ్, స్పెల్ ట్రాప్, స్పెల్ షీల్డ్, స్పెల్ ఇమ్యూనిటీ. మూడో రకం దెబ్బలను ఆపేవి: స్టోన్‌స్కిన్, ప్రొటెక్షన్ ఫ్రమ్ మ్యాజిక్ వెపన్స్, మాంటిల్ వగైరా. బ్రీచ్ తీసేది ఈ మూడో రకాన్నే. పై రెండూ ఉన్నంతవరకూ అది అక్కడిదాకా చేరదు. అందుకే విప్పే వరస ఎప్పుడూ ఇదే: ముందు భ్రమ, తర్వాత మంత్ర కవచం, ఆ తర్వాత ఒంటి కవచం. కత్తి ఆఖరున.

భ్రమ ముందు ఎందుకంటే, ఇంప్రూవ్డ్ ఇన్విజిబిలిటీలో ఉన్నవాడు ఏదో మంత్రం వేసి మసగ్గా కనిపించినా వాడి మీద నేరుగా మంత్రం గురిపెట్టలేరు. బొమ్మ కళ్లెదుటే ఉంటుంది, కర్సర్ మాత్రం పట్టుకోదు. చాలామంది ఇక్కడే రెండు మూడు రౌండ్లు (రౌండంటే 6 సెకన్లు) పోగొట్టుకుంటారు. మేజ్ దగ్గర ట్రూ సైట్ (6వ లెవెల్ మంత్రం), క్లెరిక్ (పూజారి) దగ్గర ట్రూ సీయింగ్ (5వ లెవెల్) ఉంటాయి. ఏదో ఒకటి వేస్తే అదృశ్యమూ పోతుంది, ఎనిమిది దాకా ఉండే మిర్రర్ ఇమేజ్ ప్రతిబింబాలూ ఒక్కసారే పోతాయి. ఈ పని క్లెరిక్‌కి అప్పగించడం మంచిది. అప్పుడు మేజ్ ఆ రౌండును రెండో పొర కోసం దాచుకోవచ్చు.

వాడు కనిపించగానే రూబీ రే ఆఫ్ రివర్సల్ (7వ లెవెల్) లేదా సీక్రెట్ వర్డ్ (4వ లెవెల్). ఇవి స్పెల్ టర్నింగ్‌కి తిరగవు, నేరుగా వెళ్లి దాన్నే తీసేస్తాయి. తర్వాతి రౌండులో బ్రీచ్. మీ పార్టీలో ఇద్దరు మాంత్రికులుంటే ఒకరి మంత్రం పడగానే రెండోవారు బ్రీచ్ వేయొచ్చు. అప్పుడు రెండు రౌండ్ల పని ఒక్క రౌండులో ముగుస్తుంది. ఎదుటివాడికి మ్యాజిక్ రెసిస్టెన్స్ (మంత్రాలను తట్టుకునే శక్తి) ఎంతున్నా బ్రీచ్‌ని అది ఆపదు, ఆ భయం అక్కర్లేదు.

ప్రశ్న: వాడి ఒంటి మీద ఏముందో ముందుగా తెలిసేదెలా?

జవాబు: కింద లాగ్‌లో వచ్చే పేర్లు చదవండి. వాడు మంత్రం మొదలుపెట్టగానే దాని పేరు అక్కడ పడుతుంది. వెంటనే స్పేస్ బార్ నొక్కి ఆట ఆపి చూడండి. ‘ఎనిమీ సైటెడ్’ ఆటో పాజ్ పెట్టుకుంటే మొదటి క్షణాలు చేజారవు. దెబ్బల ఫలితం కూడా చాలా చెబుతుంది. మీ కత్తి ‘వెపన్ ఇనెఫెక్టివ్’ అని వస్తే ప్రొటెక్షన్ ఫ్రమ్ మ్యాజిక్ వెపన్స్ గానీ మాంటిల్ గానీ ఉందన్నమాట. దెబ్బ తగిలినట్టు చూపించి ప్రాణం తగ్గకపోతే అది స్టోన్‌స్కిన్, మనిషి బూడిద రంగుకు తిరిగి ఉంటాడు కూడా. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. స్టోన్‌స్కిన్ దెబ్బకో పొర చొప్పున ఊడుతుంది. మాంత్రికుడి రెండు లెవెల్స్‌కు ఒక పొర, అంటే 16వ లెవెల్ వాడికి ఎనిమిది. చురుగ్గా కొట్టే ఇద్దరు ఫైటర్లుంటే బ్రీచ్ లేకుండానే అది ఒలిచేయవచ్చు. ప్రొటెక్షన్ ఫ్రమ్ మ్యాజిక్ వెపన్స్ మీద మాత్రం ప్లస్ (కత్తికున్న మంత్రబలం) ఎంతున్న కత్తయినా దండగే.

ప్రశ్న: సీక్రెట్ వర్డ్ ఉండగా అంత ఖరీదైన రూబీ రే ఎందుకు? నాది సోర్సరర్ (ఇంకో రకం మాంత్రికుడు), నేర్చుకునే మంత్రాలే కొన్ని.

జవాబు: మామూలు పోరాటాలకు సీక్రెట్ వర్డ్ చాలు. 8వ లెవెల్ దాకా ఉన్న ఒక మంత్ర కవచాన్ని అది తీస్తుంది. దాని కాస్టింగ్ టైమ్ 4, రూబీ రేది 7. పోరాటం మధ్యలో ఆ మూడు అంకెల తేడా పెద్దదే.

సీక్రెట్ వర్డ్ రెండు చోట్ల చాలదు. ఒకటి స్పెల్ ట్రాప్. అది 9వ లెవెల్ కవచం, 30 లెవెల్స్ మంత్రాలను మింగుతుంది, మింగినకొద్దీ ఆ మాంత్రికుడు వాడేసిన మంత్రాలు వాడికి తిరిగొస్తాయి. దాని మీదికి చిన్నాచితకా మంత్రాలు విసిరితే శత్రువుకు మీరే మంత్రాలు అందిస్తున్నట్టు. రెండోది స్పెల్ ఇమ్యూనిటీలో ఆబ్‌జురేషన్ ఎంచుకున్నవాడు. ఎంచుకున్న ఒక మంత్ర విద్య మొత్తం తన మీద పనిచేయకుండా చేసేదే స్పెల్ ఇమ్యూనిటీ. బ్రీచ్, సీక్రెట్ వర్డ్, డిస్పెల్ మ్యాజిక్ అన్నీ ఆబ్‌జురేషన్ విద్యకు చెందినవే కాబట్టి ఏదీ అంటదు. రూబీ రే ఆల్టరేషన్ విద్య. అందుకే దాన్ని దాటుకుని వెళుతుంది. అయితే అది ఒక్కసారికి ఒక్క కవచాన్నే, అదీ పై లెవెల్‌దాన్ని ముందు తీస్తుంది. వాడి మీద స్పెల్ టర్నింగ్ (7), స్పెల్ ఇమ్యూనిటీ (5) రెండూ ఉంటే రెండు రూబీ రేలు కావాలి.

ఇక స్పెల్ షీల్డ్. ఇలా కవచాలు తీసే మంత్రాల్లో మొదట వచ్చినదాన్ని అది తన మీద వేసుకుని పోతుంది. దాని మీద రూబీ రే పారేయకండి. చవకైన స్పెల్ థ్రస్ట్ (3వ లెవెల్) ఒకటి ముందు విసిరి దాన్ని వదిలించుకోండి.

మీ సోర్సరర్‌కి 5లో బ్రీచ్, 7లో రూబీ రే తప్పనిసరి. ఈ రెండూ ఉంటే సీక్రెట్ వర్డ్ స్థానంలో స్టోన్‌స్కిన్ లాంటిది నేర్చుకున్నా నష్టం లేదు.

ప్రశ్న: నా మేజ్ ఇంకా 8వ లెవెలే. బ్రీచ్ కూడా లేదు. ఈలోగా ఏం చేయాలి?

జవాబు: మేజ్‌కి 5వ లెవెల్ మంత్రాలు వచ్చేది 9వ లెవెల్‌లో, అంటే 1,35,000 అనుభవ పాయింట్ల దగ్గర. రూబీ రేకి 14వ లెవెల్ దాకా ఆగాలి. అప్పటిదాకా మీకు మూడు మార్గాలు.

అన్నిటికన్నా తేలికైనది వెనక్కి తగ్గడం. ప్రొటెక్షన్ ఫ్రమ్ మ్యాజిక్ వెపన్స్, మాంటిల్ ఉండేది 4 రౌండ్లే, అంటే 24 సెకన్లు. తలుపు అవతలికో మలుపు వెనక్కో పార్టీని లాగేసి, ముందు సమన్ చేసిన (మంత్రంతో పిలిచిన) ప్రాణుల్ని వదలండి. వాడి మంత్రాలు వాటి మీద ఖర్చవుతాయి. స్టోన్‌స్కిన్ మాత్రం 12 గంటలు ఉంటుంది, దానికోసం ఎదురుచూడటం వృథా.

రెండోది రిమూవ్ మ్యాజిక్. డిస్పెల్ మ్యాజిక్ మీవాళ్ల రక్షణల్నీ ఊడ్చేస్తుంది, రిమూవ్ మ్యాజిక్ శత్రువులనే పట్టుకుంటుంది. నేల మీద గురిపెట్టేది కాబట్టి అదృశ్యంగా ఉన్నవాడి మీదా పనిచేస్తుంది. కానీ లెక్క చూసుకోవాలి. సమానమైన లెవెల్ ఉంటే అవకాశం 50 శాతం. మీరు పైనుంటే లెవెల్‌కి 5 శాతం పెరుగుతుంది, వాడు పైనుంటే లెవెల్‌కి 10 శాతం తగ్గుతుంది. మీరు 8, వాడు 12 అయితే మిగిలేది 10 శాతమే. ఆ లెక్కన పెద్ద మాంత్రికుల మీద మీ 8వ లెవెల్ మేజ్ రిమూవ్ మ్యాజిక్ వేయడం రౌండు వృథా చేసుకోవడమే.

ఆ లెక్కను తలకిందులు చేసేవాడు ఇన్‌క్విజిటర్ తరగతి యోధుడు. ఆటలోని అత్కట్లా నగరంలో టెంపుల్ డిస్ట్రిక్ట్ కింది మురుగు కాలవల్లో కలిసే కెల్డోర్న్ ఈ తరగతే. 2000 నాటి ఆటలో వాడి డిస్పెల్ వాడి లెవెల్‌కి రెట్టింపు బలంతో పనిచేస్తుంది, పైగా క్షణంలో పడుతుంది. ట్రూ సైట్ కూడా వాడి సహజ శక్తే. మేజ్ బలహీనంగా ఉన్న పార్టీకి ఇంతకన్నా మంచి తోడు ఈ ఆటలో లేడని నా గట్టి నమ్మకం. పక్కనే మీవాళ్లుంటే జాగ్రత్త. కెల్డోర్న్‌ది డిస్పెల్, వాళ్ల రక్షణలూ పోతాయి.

మూడోది మీతో తిరిగే డ్రూయిడ్ జహీరా దగ్గరుండే ఇన్‌సెక్ట్ ప్లేగ్ మంత్రం. పురుగులు స్టోన్‌స్కిన్‌ని పట్టించుకోకుండా కుడుతూనే ఉంటాయి. కుట్టిన ప్రతిసారీ మంత్రం మధ్యలో తెగుతుంది. కవచం తీయకుండానే నోరు కట్టేసినట్టు. యాసిడ్ బాణాలూ ఇలాంటివే. స్టోన్‌స్కిన్ బాణం దెబ్బని ఆపుతుంది గానీ దానితోపాటు వచ్చే ఆమ్లాన్ని ఆపదు. మంత్రం మొదలుపెట్టిన క్షణాన ఒక్కటి తగిలినా చాలు.

ప్రశ్న: లిచ్‌ల (చచ్చాక కూడా తిరిగే మాంత్రికుల) మీద పై వరస పాటించాను. బ్రీచ్ అంటలేదు.

జవాబు: అంటదు. లిచ్‌లకు 5వ లెవెల్ దాకా మంత్రాలు తగలవు, బ్రీచ్ సరిగ్గా 5. లిచ్‌ దగ్గర తేలిక దారి వేరే ఉంది: ప్రొటెక్షన్ ఫ్రమ్ అన్‌డెడ్ స్క్రోల్. చదివినవాణ్ణి మృతజీవులు పట్టించుకోవు. ఒక ఫైటర్‌కి చదివించి వాణ్ణొక్కణ్ణే లోపలికి పంపండి, మిగతావాళ్లు గది బయటే ఉండాలి. లోపల ఇంకొకరు కనిపిస్తే లిచ్ మంత్రాలన్నీ వాళ్ల మీదికే. డాక్స్ పేటలో ఉండే కంగాక్స్ అనే లిచ్‌కీ ఇదే పద్ధతి. కాకపోతే వాడు రెండోసారి డెమిలిచ్‌గా లేచాక +4 కన్నా తక్కువ ఆయుధం పనిచేయదు. స్క్రోల్ లేనివాణ్ణి శాశ్వతంగా బంధిస్తాడు, ఆ బంధించబడినవాడు మీ కథానాయకుడైతే ఆట అక్కడితో సరి.

ప్రశ్న: అత్కట్లా వీధిలో మాంత్రికుడి మీద బ్రీచ్ వేయగానే వేరే మాంత్రికులొచ్చి నన్నే కొడుతున్నారు!

జవాబు: వాళ్లు కౌల్డ్ విజార్డ్స్. లైసెన్స్ లేకుండా ఊళ్లో ఆరుబయట మేజ్ మంత్రం వేస్తే వస్తారు. గవర్నమెంట్ డిస్ట్రిక్ట్‌లో 5,000 బంగారు నాణేలు కట్టి లైసెన్స్ తీసుకోండి. అప్పటిదాకా బయట క్లెరిక్, డ్రూయిడ్ మంత్రాలు వాడండి, వాటికి అభ్యంతరం లేదు.

ప్రశ్న: స్వోర్డ్ కోస్ట్ స్ట్రాటజెమ్స్ మాడ్ (ఆటను మార్చే అదనపు ప్రోగ్రామ్) వేశాక ట్రూ సైట్ కూడా పనిచేయడం లేదు.

జవాబు: ఆ మాడ్‌లో మాంత్రికులు పోరాటానికి ముందే కవచాలన్నీ తొడుక్కుని ఉంటారు. స్పెల్ ఇమ్యూనిటీలో డివినేషన్ ఎంచుకున్నవాణ్ణి ట్రూ సైట్ తాకదు, ఎందుకంటే అది డివినేషన్ మంత్రం. దొంగల డిటెక్ట్ ఇల్యూజన్ నైపుణ్యం మంత్రం కాదు గనక దాన్ని ఏ ఇమ్యూనిటీ ఆపదు. మీ థీఫ్‌కి అందులో 100 పాయింట్లు పెట్టి, ఫైండ్ ట్రాప్స్ బటన్ నొక్కి వాడికి దగ్గరగా నిలబెట్టండి. భ్రమ తొలగిన క్షణంలోనే రూబీ రే మొదలుపెట్టాలి, వాడు మళ్లీ అదృశ్యమవడానికి ఒక్క రౌండు చాలు.