ఎక్కాలు నోటికొచ్చు, లెక్కే రాదు!

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. పదిహేనో ఎక్కం దాకా గడగడా అప్పజెబుతాడు. కానీ ‘ఒక్కో డబ్బాలో 6 లడ్డూలుంటే 4 డబ్బాల్లో మొత్తం ఎన్ని?’ అంటే 10 అని రాస్తాడు. అబాకస్‌లో వేయమని కొందరు, ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూలుకు మార్చమని కొందరు చెబుతున్నారు. ఇంజినీరింగ్ చదివించాలని మా కోరిక. ఏం చేయమంటారు? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండమ్మా. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడటానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రాథమిక లెక్కలు వస్తే చాలంటోంది. మీ బాబుకు ఇంకా టైముంది.

ఎక్కాలు రావడం వేరు, ఎక్కడ గుణించాలో తెలియడం వేరు. ‘మొత్తం’ అనే మాట కనిపించగానే బాబు రెండు అంకెలనూ కూడేస్తున్నాడు. ఆరేసి లడ్డూలున్న నాలుగు గుంపులు వాడి కళ్లకు కట్టడం లేదు.

దీనికి ట్యూషన్ అక్కర్లేదు, మీ ఇడ్లీ పాత్ర చాలు. ప్లేటుకు నాలుగు గుంటలున్నాయనుకుందాం. మూడు ప్లేట్లలో ఇడ్లీలు ఎన్నని అడగండి. మొదట్లో ఒకటి, రెండు అంటూ వేలు పెట్టి లెక్కపెడతాడు. పెట్టనివ్వండి, తొందరపెట్టొద్దు. కొన్నాళ్లకు నాలుగు, ఎనిమిది, పన్నెండు అని దూకుతాడు. అప్పుడు ‘ఇంకో ప్లేటు పెడితే?’ అనండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే విషయం ఇంకా అందలేదన్నమాట. పన్నెండుకు నాలుగు కలిపి పదహారు అన్నాడా, గుణకారం పట్టుబడినట్టే. ఖాళీ ప్లేట్లు మూడు చూపించి కూడా అడగండి. మూడు సున్నాలు మూడు అనే పిల్లలు చాలామంది!

తర్వాత కోడిగుడ్ల అట్ట. ఐదు వరుసల్లో ఆరేసి, ముప్పై గుడ్లు. అట్టను పక్కకు తిప్పితే ఆరు వరుసల్లో ఐదేసి. గుడ్లు మాత్రం అవే. ఇది తెలిస్తే పదో ఎక్కం వరకు ఉన్న వంద లెక్కల్లో గుర్తుపెట్టుకోవాల్సినవి 55కి తగ్గిపోతాయి.

ఏడు ఎనిమిదులు మర్చిపోతే కొట్టకండి, తిట్టకండి. ఎనిమిదేసి చుక్కలతో ఏడు వరుసలు గీయించి, ఐదో వరుస కింద అడ్డగీత పెట్టించండి. పైన నలభై, కింద పదహారు, కలిపితే యాభై ఆరు. రేపు హైస్కూల్లో బీజగణితంలో బ్రాకెట్లు విప్పేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే. మీరడిగిన ఇంజినీరింగ్‌కు పునాది ఇక్కడుంది, మూడో తరగతి పిల్లాడికి అంటగట్టే ఫౌండేషన్ మెటీరియల్‌లో కాదు. స్కూలు మార్చే ఆలోచన ఇప్పుడు వద్దు.

అబాకస్ చెడ్డదేం కాదు. దాంతో వేగం వస్తుంది. మీ బాబుకు కావాల్సింది వేగం కాదు కాబట్టి ప్రస్తుతానికి ఆ ఫీజు మిగుల్చుకోండి. అలాగని ఎక్కాలు మాన్పించకండి. అర్థమయ్యాక కంఠస్థం చేస్తే పెద్ద లెక్కల్లో చాలా సాయపడతాయి.

‘రెట్లు’ దగ్గర మాత్రం జాగ్రత్త. తమ్ముడికి 4 ఏళ్లు, అక్క వయసు దానికి మూడు రెట్లు అంటే 7 అనేస్తారు. ఇది గుంపులు బాగా వచ్చాకే ఎత్తుకోండి.

రోజుకు పది నిమిషాలు, అదీ వంటింట్లో మాటల మధ్యే చాలు. నాలుగో తరగతి సగం గడిచినా గుంపులుగా లెక్కపెట్టడం రాకపోతే క్లాస్ టీచర్‌తో మాట్లాడి, అవసరమైతే చైల్డ్ సైకాలజిస్టుకు ఒకసారి చూపించండి.