మడత కత్తి మీద నంబరు ఉందని తొందరపడకు

పాలకొల్లు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు కొందామనుకుంటున్న మడత కత్తి ఫోటోలు చూశాను. "సీరియల్ నంబరు ఉంది మావయ్యా, అమ్మే అతను రేర్ అంటున్నాడు, ఎల్లుండిలోగా అడ్వాన్స్ వెయ్యమంటున్నాడు" అని రాశావు. వెయ్యకురా అబ్బాయ్. కత్తి మంచిదే కావచ్చు. కానీ ఆ రకంలో మొత్తం ఎన్ని చేశారో అతను చెప్పలేదు, నువ్వూ అడగలేదు. ముందు అది తేలాలి.

అమెరికాలో కత్తులు చేసే మైక్రోటెక్ లాంటి కంపెనీలు మామూలుగా అమ్మే కత్తులకు కూడా నంబరు వేస్తాయి. అది లెక్క కోసం, వారంటీ కోసం. నాలుగంకెల నంబరు ఉన్నంత మాత్రాన అది అరుదైపోదు, దాని వెనకే ఇంకోటి వస్తూ ఉంటుంది. ఇన్నే చేస్తామని ముందే చెప్పి, అంతటితో ఆపేసిన సరుకు వేరు. అందులో కూడా బ్లేడు మీద నంబరు, డబ్బా మీద నంబరు, సర్టిఫికెట్ మీద నంబరు మూడూ కలిస్తేనే పూర్తి ధర. ఇక 001కి, 777కి ఎగబడటం అంటావా, బండి నంబరు 9999 కోసం ఆర్టీఏ ఆఫీసులో వేలం పాడటం లాంటిదే. ఇష్టముంటే పాడుకో, కత్తి మాత్రం అదే కత్తి.

ఇంకోటి. కత్తి మీద కనిపించే ప్రతి అంకే సీరియల్ నంబరు కాదు. ఫ్రాన్స్ వాళ్ళ ఓపినెల్ మడత కత్తి మీద 8 అని ఉంటే అది సైజు. బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది, అంతే. దాని మెడ దగ్గర తిప్పితే బిగుసుకునే రింగు 1955లో వచ్చింది. రింగు లేదు కాబట్టి అంతకంటే పాతదని ఎవరైనా అంటే ముందు సైజు చూడు. 2 నుంచి 5 దాకా చిన్నవాటికి ఇవాళ్టికీ రింగు ఉండదు.

నాకు బాగా నచ్చేది అమెరికా కేస్ కంపెనీ పద్ధతి. అందులో నంబరు కన్నా చుక్కలే ఎక్కువ కబుర్లు చెప్తాయి. బ్లేడు మొదలు, పిడిలోకి దిగే చోట, భూతద్దం పెట్టి చూడు. 1940 ప్రాంతం నుంచి 1964 దాకా కేస్ ఎక్స్ఎక్స్ అని మాత్రమే ముద్ర ఉంటుంది. 1965 నుంచి 69 వరకు దాని కింద యు.ఎస్.ఎ. చేరింది. 1970లో 10 చుక్కలు పెట్టి, ఏడాదికొకటి తీసేస్తూ వచ్చారు. అంటే 80లోంచి చుక్కలు తీసేస్తే సంవత్సరం వచ్చేస్తుంది: 7 చుక్కలుంటే 1973. 1980లో మళ్ళీ 10 చుక్కలతో మొదలెట్టారు గానీ, అప్పటి ముద్రలో ఇంగ్లీషు 'ఎస్' అక్షరం మెరుపు గీతలా విరిగి ఉంటుంది. అదొక్కటి చూసుకోకపోతే పదేళ్ళు తేడా పడిపోతుంది. 6254 లాంటి అంకె కనిపిస్తే అది నమూనా నంబరు: 6 అంటే గాట్లు పెట్టిన ఎముక పిడి, 2 అంటే రెండు బ్లేడులు, 54 ఆ ఆకారం. 5 ఉన్న చోట జింక కొమ్ము పిడి ఉండాలి. ముద్ర 5తో మొదలై పిడి ఎముకదైతే, ఎవరో మార్చారని అర్థం.

కాబట్టి అమ్మే అతన్ని బ్లేడు మొదలుకి రెండు వైపులా దగ్గర్నుంచి తీసిన ఫోటోలు అడుగు. రివెట్ల ఫోటో కూడా. పాత పిడి మీద రివెట్టు ఒక్కటే కొత్తగా మెరుస్తుంటే బ్లేడు మార్చి ఉండొచ్చు. బ్లేడు సాన పట్టీ పట్టీ సన్నబడిందేమో చూడు. పంపనంటే ఆ బేరం వదిలెయ్. బటన్ నొక్కితే తెరుచుకునే స్ప్రింగు కత్తుల జోలికి అసలు పోకు, పోలీసులతో టెన్షన్ మనకెందుకు.

కొన్నాక అసలు పని మొదలవుతుంది. మన డెల్టాలో, అందులోనూ మీ నరసాపురం వైపు ఉప్పుగాలికి కార్బన్ స్టీల్ ఒక్క వానాకాలంలో చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. ముద్ర మీద తుప్పు తింటే సంవత్సరం పోతుంది, దాంతో పాటు ధరా పోతుంది. ఇంట్లో చేతికందుతుంది కదా అని కొబ్బరి నూనె రాయకు. చలికాలంలో పేరుకుంటుంది, మడత దగ్గర దుమ్ము పట్టిస్తుంది. కుట్టు మిషన్ నూనె ఒక చుక్క మెత్తటి గుడ్డ మీద వేసి తుడువు, మడతలో ఒక చుక్క వెయ్యి. తోలు సంచిలో ఉంచితే తేమ పీల్చుకుని ఇత్తడికి పచ్చగా చిలుము పడుతుంది. సంచి వేరుగా, కత్తి వేరుగా, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడి ఉన్నదాన్ని మాత్రం మిగతావాటితో కలపకు. అది పాడవడం మొదలెడితే దాని ఆవిరికి పక్క కత్తులు కూడా తుప్పు పడతాయి.

బ్లేడు మీద నీలం, బూడిద రంగు నీడలు వస్తే తుప్పనుకుని గీకెయ్యకు, అలాగే ఉండనీ. బ్రాసో పాలిష్ పెట్టి తళతళ మెరిపిస్తే అక్షరాల అంచులు అరిగిపోతాయి.

ఆ ఫోటోలు రాగానే నాకు పంపు. చుక్కలు నేనూ లెక్కపెడతాను. అమ్మకి నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య