ఆ రోజుల పద్దు

గుంటూరు

తమ్ముడూ,

నీ చిన్ననాటి జ్ఞాపకాల రాతప్రతి అందింది. ఏడాదిలో రిటైరవుతున్నాను, నన్ను యువ రచయితల్లో కలపకండి అని రాశావు. మొదటి పుస్తకం రాసేవాడు ఎవడైనా నా దృష్టిలో కుర్రాడే, అందుకే నువ్వు అంటున్నాను. భాష శుభ్రంగా ఉంది, చదివిస్తుంది. మెప్పు అయిపోయింది.

ఇక ‘ఆ రోజులే వేరు’ సంగతి. పేజీకి రెండుసార్లు అదే మాటైతే ఎలా? బెజవాడ వన్‌టౌన్‌లో మీ పెంకుటిల్లు, ఆరుబయట నులకమంచాలు, అమ్మమ్మ కలిపిన ఆవకాయ ముద్దలు, ఏలూరు కాలువలో ఈతలు. అందరూ మంచివాళ్ళే, అన్నీ చవకే. ఎంత చవకో మాత్రం ఎక్కడా లేదు. ఆ ఇంటి అద్దె ఎంత? మీ నాన్నగారి జీతం ఎంత? ఆవకాయకి కారం ఎవరు దంచారు, వాళ్ళ చేతిలో ఏం పెట్టారు? బాల్యం పిల్లలకి ఉచితమే, ఇంకెవరో దాని డబ్బు కట్టే ఉంటారు. ఆ కట్టినవాళ్ళు కనిపించని జ్ఞాపకాలు నేను చదవలేను. సభల్లో ఈ మాట అంటే ‘మీరు రచయితా, ఆడిటరా’ అని నవ్వుతారు. నవ్వనీ.

నాదొకటి చెప్తాను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అప్పటికి మేం అరండల్‌పేటలో ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళం. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు, ఇక మీదట 100 పైసలు. లెక్కప్రకారం అణాకి ఆరుంబావు రావాలి. పావు పైసా ఎక్కడ దొరుకుతుంది? అందుకని అణాకి 6, పావలాకి 25 అని పట్టిక కట్టారు. మా అమ్మ బడి మొహం ఎరగదు. అయినా వారం తిరక్కుండా గుట్టు పట్టేసింది. పావలా చింతపండు ఒక్కసారే కొంటే 25 పైసలు, అణా చొప్పున నాలుగుసార్లు కొంటే 24. ఇంక చూడు నా పాట్లు. పొద్దున్నే ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి, దీపాలు పెట్టే వేళ మళ్ళీ. ‘మీ అమ్మకి ఒక్కసారే చెప్పడం రాదట్రా?’ అని కొట్టాయన విసుక్కునేవాడు. మిగిలిన పైసలు పోపులడబ్బాలో మెంతుల అడుగున దాచేది. నా బలపాలు ఆ మెంతుల్లోంచే వచ్చేవి.

ఇది రాసి ఒక వారపత్రికకి పంపాను. ఎడిటరుగారు పైసల పేరా మొత్తం కొట్టేసి, ‘లెక్కల పాఠంలా ఉంది, తల్లిప్రేమ ఇంకాస్త పెంచండి’ అని కార్డు రాశాడు. అదే తల్లిప్రేమ, మహానుభావా! చివరికి వేసుకున్నాడులే, మా అమ్మ బొమ్మ పక్కన తులసికోట గీయించి మరీ. మా వాటాలో తులసి మొక్కకి కాదు కదా, తడిబట్టలు ఆరేసుకోవడానికే జాగా లేదు. ఇప్పుడు కొట్టేసే ఎడిటర్లు లేరు. ఆ తులసికోట మాత్రం ఫేస్‌బుక్‌లో ప్రతివాడి పెరట్లోనూ మొలిచింది.

లెక్క అడిగితే ఇంకో లాభం ఉంది, అబద్ధం దొరికిపోతుంది. మీ తాతగారు స్వాతంత్ర్యానికి ముందు బ్యారేజీ మీద సైకిలు తొక్కుకుంటూ గుంటూరు కోర్టుకి వెళ్ళేవారని రాశావు. ప్రకాశం బ్యారేజీ పూర్తయిందే 1957లో! అంతకు ముందున్నది కాటన్ హయాం నాటి ఆనకట్ట, అది 1952లో తెగిపోయింది. మరి పెద్దాయన రైలెక్కారా, పడవెక్కారా? పడవైతే కేవు ఎంత, సైకిలుకి విడిగా పుచ్చుకునేవారా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఆ వాక్యం నీ కలం దాటేది కాదు.

అన్నట్టు, నన్ను నిద్రపోనివ్వనిది నువ్వు దాటేసిన చోటు. 1977 ఉప్పెన. బడికి సెలవులిచ్చారు, గోళీలాడుకున్నాం అని రాస్తూ మధ్యలో ఒక్క వాక్యం వేశావు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒకావిడ మీ అరుగు మీద కూర్చుంటే, మీ అమ్మగారు తనకున్న మూడు చీరల్లో ఒకటి ఇచ్చారని. ఆవిడ దాన్ని మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుందని. అంతే, ‘ఆనాటి మనుషుల ప్రేమలే వేరు’ అని తీర్మానం చేసి మళ్ళీ గోళీలకి పోయావు! ఉప్పెన వచ్చింది నవంబరు 19న, శనివారం. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. ఆవిడ ఎన్నాళ్ళకి బెజవాడ చేరింది? వెంట ఎవరైనా మిగిలారా? రెండు చీరలతో మీ అమ్మగారు ఎంతకాలం నెట్టుకొచ్చారు? మూడోది కొన్నప్పుడు మీ నాన్నగారు ఏమన్నారు?

మీ అమ్మగారు ఉన్నారని నువ్వే రాశావు. తొంభైకి దగ్గరపడిన మనిషి. ఈ ఆదివారమే వెళ్ళు. ఫోన్ ముందు పెట్టి రికార్డు చెయ్యకు, బిగుసుకుపోతారు. పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ ధరలు అడుగు. ఆ తరంవాళ్ళు బాధలు చెప్పమంటే చెప్పరు, ధరలు మాత్రం పైసలతో సహా చెప్తారు. ఆ చెప్పడంలో పడి మిగతాదీ చెప్పేస్తారు.

ముందుమాట రాయమన్నావు. రాయను. అచ్చుకి ఎంతవుతుందో ప్రెస్సువాళ్ళని కనుక్కో. జనవరి పుస్తక ప్రదర్శన నాటికి తేవాలని టెన్షన్ పడకు, అక్కడ ఇప్పటికే ఆవకాయ జాడీలు చాలా ఉన్నాయి. ఉప్పెన అధ్యాయం ఒక్కటి తిరగరాసి పంపు. ప్రింటు కాస్త పెద్ద అక్షరాల్లో తీయించు, కళ్ళజోడు మార్చినా నాకు సన్న అక్షరాలు ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మీ అన్న