కౌంటీ కుర్రాళ్లలో ఇంగ్లండ్ టోపీ ఎవరికి?

ప్రశ్న: ఇంగ్లండ్ కౌంటీల్లో రాణిస్తున్న కుర్రాళ్లలో జాతీయ జట్టులోకి రాగలవారెవరు? పరుగులు, వికెట్ల పట్టికలో ముందున్నవారిని పక్కనపెట్టి, ఎవరూ ఊహించనివారిని ఎందుకు తీసుకుంటున్నారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ రెండో ప్రశ్న సంగతి తేలితే తప్ప మొదటిదానికి జవాబు చెప్పలేము. ఒకప్పుడు రెండు మూడు సీజన్లపాటు కౌంటీ చాంపియన్‌షిప్‌లో (కౌంటీలనే ప్రాంతీయ జట్ల మధ్య నాలుగు రోజుల మ్యాచ్‌ల పోటీ) పరుగుల వరద పారించినవాడికి పిలుపు దానంతటదే వచ్చేది. 2022లో బ్రెండన్ మెకల్లమ్ కోచ్‌గా, బెన్ స్టోక్స్ కెప్టెన్‌గా బాధ్యతలు చేపట్టాక ఆ పద్ధతి సడలిపోయింది. ఏప్రిల్ చలిలో, పచ్చిక పిచ్ మీద, ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ బంతితో మధ్యస్థ వేగంతో వికెట్లు తీసే బౌలర్ అహ్మదాబాద్‌లోనో అడిలైడ్‌లోనో తేలిపోతాడన్నది వారి అభిప్రాయం. అందుకే అంకెల కంటే ముందు బౌలర్ వేగాన్ని, ఎత్తును, బంతి విడిచే తీరును, బ్యాటర్ అయితే ఎదురుదాడి చేసే తెగువను చూస్తున్నారు.

ఈ పద్ధతి ఫలించిన సందర్భాలు తక్కువేమీ కాదు. సర్రే జట్టులో వికెట్ల వెనుక బెన్ ఫోక్స్ ఉండగా జేమీ స్మిత్ ప్రధానంగా బ్యాటర్‌గానే ఆడేవాడు. అయినా 2024 జులైలో లార్డ్స్‌లో వెస్టిండీస్‌పై ఇంగ్లండ్ కీపింగ్ చేతి తొడుగులు అతడికే ఇచ్చారు. మరుసటి ఏడాది ఎడ్జ్‌బాస్టన్‌లో మన హైదరాబాదీ సిరాజ్ 6 వికెట్లు తీసిన ఇన్నింగ్స్‌లోనే స్మిత్ 184 పరుగులతో అజేయంగా నిలవడం మీకు గుర్తుండే ఉంటుంది. స్మిత్‌తో పాటు అదే లార్డ్స్ టెస్టులో అరంగేట్రం చేసిన గస్ అట్కిన్సన్ ఆ మ్యాచ్‌లో 12 వికెట్లు తీశాడు. వార్విక్‌షైర్ ఆటగాడు జేకబ్ బెతెల్ కథ మరీ విచిత్రమైనది: 2024 నవంబరులో న్యూజిలాండ్‌లో టెస్టు అరంగేట్రం చేసేనాటికి అతడి పేరున ఫస్ట్‌క్లాస్ (మూడు రోజులు, అంతకుమించి సాగే మ్యాచ్‌ల) శతకం ఒక్కటీ లేదు, అయినా మూడో స్థానంలో దిగి ఆ సిరీస్‌లో మూడు అర్ధశతకాలు సాధించాడు. వృత్తి క్రికెట్‌లో అతడి తొలి శతకం కూడా 2025 సెప్టెంబరులో ఇంగ్లండ్ తరఫున దక్షిణాఫ్రికాపై ఆడిన వన్డేలోనే వచ్చింది.

బెడిసికొట్టిన ఎంపికలూ ఉన్నాయి. ఆరడుగుల ఏడంగుళాల ఎడమచేతి పేసర్ జోష్ హల్‌ను లీస్టర్‌షైర్ నుంచి తెచ్చి 2024లో ఓవల్‌లో శ్రీలంకపై ఆడించారు. ఎంపికయ్యేనాటికి ఆ సీజన్ చాంపియన్‌షిప్‌లో అతడు తీసినవి 2 వికెట్లే. హాంప్‌షైర్ పేసర్ సోనీ బేకర్ 2025లో తన తొలి వన్డేలో 7 ఓవర్లలో 76 పరుగులిచ్చి వికెట్ లేకుండా మిగిలాడు. సెలెక్టర్ల సాహసాన్ని నేను తప్పుపట్టను గానీ, అది విఫలమైనప్పుడు మూల్యం చెల్లించేది ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రాడన్నది కూడా లెక్కలోకి రావాలి.

ఇక పేర్ల విషయానికి వస్తే, 2025 సీజన్ ముగిసేనాటి ఆట ఆధారంగా నా మొదటి ఓటు సోమర్సెట్ వికెట్‌కీపర్ బ్యాటర్ జేమ్స్ రూకు. 2004 జనవరిలో పుట్టిన ఈ ఎడమచేతివాటం కుర్రాడు 2023 చాంపియన్‌షిప్‌లో 5 శతకాలు కొట్టాడు. వాటిలో హాంప్‌షైర్‌పై చేసిన 221 అతడిని సోమర్సెట్ చరిత్రలో అతిపిన్న డబుల్ సెంచరీ వీరుడిని చేసింది. పది ఫస్ట్‌క్లాస్ శతకాలను అతడికంటే చిన్న వయసులో పూర్తిచేసిన ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఒక్కడే. 2025 మేలో జింబాబ్వే టెస్టుకు జట్టులోకి పిలిచారు గానీ ఆడించలేదు. స్మిత్ ఉన్నంతకాలం కీపర్‌గా దారి ఇరుకే కాబట్టి, కేవలం బ్యాటర్‌గా చోటు సంపాదించడమే అతడికి మేలని నా అభిప్రాయం.

రేహాన్ అహ్మద్‌ది వేరే దారి. 2022 డిసెంబరులో కరాచీలో 18 ఏళ్ల 126 రోజుల వయసులో, లెగ్‌స్పిన్నర్‌గా, ఇంగ్లండ్ పురుషుల టెస్టు జట్టులో అతిపిన్న ఆటగాడయ్యాడు. ఆ తర్వాత జట్టులోకి వస్తూ పోతూ ఉన్న అతడు 2025లో లీస్టర్‌షైర్‌కు మూడో స్థానంలో దిగి 5 చాంపియన్‌షిప్ శతకాలు చేశాడు; ఆ కౌంటీ రెండో డివిజన్ విజేతగా పైకి వెళ్లింది. డెర్బీషైర్‌తో మ్యాచ్‌లోనైతే శతకంతో పాటు 13 వికెట్లూ తీశాడు. బ్యాటర్‌గా ఇంత ఎదిగిన స్పిన్నర్‌ను ఎక్కువకాలం బయట కూర్చోబెట్టడం కష్టం.

లాంకషైర్ కుర్రాడు రాకీ ఫ్లింటాఫ్ 16 ఏళ్లకే ఇంగ్లండ్ లయన్స్ (ఇంగ్లండ్ రెండో జట్టు) తరఫున బ్రిస్బేన్‌లో శతకం కొట్టి, ఆ జట్టులో అతిపిన్న శతకవీరుడిగా తన తండ్రి ఆండ్రూ పేరిట ఉన్న రికార్డును తుడిచేశాడు. ఇంటిపేరు తెచ్చే హడావుడి తగ్గాక, రెండు పూర్తి కౌంటీ సీజన్లు గడిచాక అతడి గురించి మాట్లాడుకుంటే బాగుంటుంది.

ప్రశ్న: 2024 ఫిబ్రవరిలో మా ఊళ్లోనే షోయబ్ బషీర్ తొలి టెస్టు ఆడి, రోహిత్ శర్మ వికెట్ తీయడం చూశాను. టెస్టు బౌలర్ అయినవాడికి సొంత కౌంటీలో చోటు దొరకలేదని చదివి ఆశ్చర్యపోయాను. ఇదెలా సాధ్యం?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బషీర్ ఆఫ్‌స్పిన్నర్. అప్పటి అతడి కౌంటీ సోమర్సెట్‌లో అతడికంటే ముందు మరో స్పిన్నర్ జాక్ లీచ్ ఉండేవాడు. ఇంగ్లండ్ వేసవి ఆరంభంలో ఏ కౌంటీ అయినా ఒక్క స్పిన్నర్‌ను ఆడించడమే గొప్ప, ఇద్దరికి చోటుండదు. చాంపియన్‌షిప్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. పిచ్‌లు పొడిబారే నడివేసవిలో ఎక్కువ రోజులు పొట్టి క్రికెట్ టోర్నీలైన టీ20 బ్లాస్ట్‌కు, హండ్రెడ్‌కు పోతాయి. స్పిన్నర్ నేర్చుకోవలసిన కాలంలో నాలుగు రోజుల ఆట దాదాపు ఉండదు. 2023 నుంచి 2025 వరకు కొన్ని రౌండ్లలో డ్యూక్స్‌కు బదులు సీమ్ బౌలర్లకు అంతగా సహకరించని కూకబుర్రా బంతి వాడిచూసినదీ, సీమ్ బౌలర్ల పెత్తనం తగ్గితే కెప్టెన్లు స్పిన్నర్ల చేతికి బంతి ఇస్తారన్న ఆశతోనే.

భారత పర్యటనకు ఎంపికయ్యేనాటికి బషీర్ ఆడినవి 6 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, తీసినవి 10 వికెట్లు, సగటు 67. కౌంటీ మ్యాచ్‌లో అలిస్టర్ కుక్‌కు అతడు బౌలింగ్ చేస్తున్న చిన్న వీడియో స్టోక్స్ కంటపడింది. పొడగరి అయిన బషీర్ చేతి నుంచి దిగే బంతి భారత పిచ్‌ల మీద పనికొస్తుందని నమ్మారు. వీసా ఆలస్యమై హైదరాబాద్ టెస్టుకు అందుబాటులో లేకపోయినా, మీ ఊళ్లో ఆడాక రాంచీలోనూ ధర్మశాలలోనూ ఐదేసి వికెట్లు తీశాడు. తిరిగి వెళ్లాక ఆట కోసం 2024లో వోర్స్టర్‌షైర్‌కు, 2025లో గ్లామోర్గన్‌కు అరువు ఒప్పందంపై వెళ్లవలసి వచ్చింది. వోర్స్టర్‌షైర్‌కు ఆడుతుండగా సర్రే బ్యాటర్ డాన్ లారెన్స్ అతడి ఒక్క ఓవర్లో జట్టుకు 38 పరుగులు వచ్చేలా బాదాడు. ఉప్పల్‌లో రెండో ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను గెలిపించిన లాంకషైర్ స్పిన్నర్ టామ్ హార్ట్‌లీకి ఆ సిరీస్ తర్వాత 2025 చివరి వరకు మరో టెస్టే దక్కలేదు.

స్పిన్నర్లలో ఇప్పుడు గమనించవలసినవాడు రేహాన్ తమ్ముడు, నాటింగ్‌హామ్‌షైర్ ఆఫ్‌స్పిన్నర్ ఫర్హాన్ అహ్మద్. 2024లో 16 ఏళ్ల వయసులో సర్రేపై ఒకే మ్యాచ్‌లో 10 వికెట్లు తీసి, ఇంగ్లండ్ గడ్డపై ఆ ఘనత సాధించిన అతిపిన్నవాడిగా డబ్ల్యూ.జి. గ్రేస్ 1865 నాటి రికార్డును దాటాడు. అతడిని తొందరపడి పిలవకపోతేనే మంచిది. నెలకు నాలుగు మ్యాచ్‌లు ఎండలో ఆడనివ్వగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: తిలక్ వర్మ వంటి విదేశీ ఆటగాళ్లు వెళ్లి కౌంటీల్లో ఆడితే అక్కడి యువకుల చోటు పోదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఒక జట్టు ఇద్దరు విదేశీయులనే ఆడించగలదు కాబట్టి నష్టం పరిమితమే. 2025లో హాంప్‌షైర్ తరఫున తొలి మ్యాచ్‌లోనే ఎసెక్స్‌పై తిలక్ శతకం కొట్టాడు. అతడితో కలిసి బ్యాటింగ్ చేసిన కుర్రాడు పోగొట్టుకున్నదానికంటే నేర్చుకున్నదే ఎక్కువ అనుకుంటాను. యువకులకు అసలు అవకాశం ఆగస్టులో జరిగే వన్డే కప్‌లో వస్తుంది, ఎందుకంటే పేరున్నవారంతా అప్పుడు హండ్రెడ్‌లో ఉంటారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, క్లబ్ తరఫున అండర్-13 ఆడుతున్నాడు. ఇంగ్లండ్‌కు ఆడే అర్హత, దారి ఎలా ఉంటాయి?
– ఒక తండ్రి, స్లౌ, ఇంగ్లండ్

జవాబు: ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో పుట్టి, బ్రిటిష్ పౌరసత్వం ఉంటే అర్హతకు అడ్డేమీ లేదు. వేరే దేశంలో పుట్టిన పౌరులకైతే మూడేళ్ల నివాసం అవసరం. గతంలో ఏడేళ్లుగా ఉన్న ఆ గడువు 2019 నుంచి తగ్గింది. క్లబ్ నుంచి కౌంటీ వయోవిభాగ జట్టుకు, అక్కడి నుంచి అకాడమీకి, రెండో జట్టుకు, ఆపైన ఒప్పందానికి దారి ఉంటుంది. ఇరుకైనది చివరి మెట్టే. క్లబ్ క్రికెట్ ఆడేవారిలో దాదాపు 30 శాతం దక్షిణాసియా మూలాలవారే అయినా వృత్తి ఆటగాళ్లలో వారి సంఖ్య చాలా తక్కువ. 2021లో ఇంగ్లండ్‌కు ఆడిన పురుషుల్లో 58 శాతం ప్రైవేటు పాఠశాలల్లో చదివినవారేనని 2023లో ఒక స్వతంత్ర కమిషన్ తేల్చింది. అకాడమీ వయసులో అవకాశం జారినా మరో తలుపు ఉంది: 2022లో మొదలైన సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీ, ఒప్పందం దక్కని యువకులకు శిక్షణ ఇచ్చి కౌంటీల ముందు నిలబెడుతోంది. వోర్స్టర్‌షైర్ బ్యాటర్ కాషిఫ్ అలీ, యార్క్‌షైర్‌కు ఆడి ఇంగ్లండ్ జట్టు పిలుపు అందుకున్న లెగ్‌స్పిన్నర్ జాఫర్ చోహాన్ అలా పైకి వచ్చినవారే. మీ అబ్బాయికి ఇంకా ఆ అవసరం రాలేదు. ముందుగా మీ కౌంటీ వయోవిభాగ ట్రయల్స్ ఎప్పుడు జరుగుతాయో, ఎవరు పేరు పంపాలో క్లబ్ కోచ్‌ను అడగండి.