తెలివిగా, వివేకంతో, ఆచితూచి: ఏది ఎక్కడ?

"తెలివిగా, వివేకంతో ఒకటేనా?" అని ఒకరు అడిగారు. కాదు. తెలివిగా అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. "తెలివిగా లెక్క తేల్చాడు" అంటే మెప్పు, "తెలివిగా తప్పించుకున్నాడు" అంటే ఎత్తిపొడుపు. వివేకంతో అన్నప్పుడు ఆ అనుమానమే రాదు, మంచిచెడులు బేరీజు వేసుకున్నాడనే అర్థం.

మాట్లాడే తీరుకైతే నాకు ఆచితూచి ఎంతో ఇష్టం. తూచడమంటే తూకం వేయడం కదా! "కోపంలో ఉన్న అన్నతో ఆచితూచి మాట్లాడింది" అంటే ఒక్కో మాటనూ త్రాసులో పెట్టిన ఆ జాగ్రత్త కళ్లకు కడుతుంది. అక్కడ తెలివిగా అని మార్చి చూడండి, ఆమె ఏదో దాస్తున్నట్టు వినిపిస్తుంది.

వీటికి దగ్గరి మాట ఇంకొకటుంది, లౌక్యంగా. అంటే ఎవరినీ నొప్పించకుండా పని చక్కబెట్టుకునేలా.

వ్యాకరణం సులువే. తెలివి, వివేకం, లౌక్యం లాంటి నామవాచకానికి గా లేదా తో చేరిస్తే సరి. ఆచితూచికి అవేవీ అక్కర్లేదు, అది క్రియల నుంచే పుట్టింది.