యాంటీబాడీ వైరస్‌ను చంపదు, మరి ఆపేదెలా?

"యాంటీబాడీ వైరస్‌ను చంపదంటున్నారు, మరి కణంలోకి పోకుండా ఎలా ఆపుతుంది? యాంటీబాడీ టెస్టు రిపోర్టులో పాజిటివ్ ఉన్నా మళ్లీ కోవిడ్ ఎందుకొచ్చింది?" అని అడిగారు కదా. మొదటి ముక్క నిజమే. యాంటీబాడీ అంటే వైరస్‌ లాంటివాటిని పట్టుకోవడానికి మన ఒళ్లు తయారుచేసే ప్రోటీన్, అది నేరుగా చంపదు. అడ్డం పడుతుంది, అంతే.

కరోనా వైరస్ ఒంటినిండా స్పైక్ అనే ముళ్లుంటాయి. ఆ ముల్లు కొస మన కణం మీదున్న ఏసీఈ2 అనే ప్రోటీన్‌కు అతుక్కుంటేనే లోపలికి దారి. వైరస్ సుమారు 100 నానోమీటర్లు, యాంటీబాడీ పదో పదిహేనో. కానీ ఆ బుడత సరిగ్గా ముల్లు కొసనే పట్టుకుందంటే ఇక ఏసీఈ2కి అంటుకునే చోటే మిగలదు. కొన్ని యాంటీబాడీల తీరు వేరు: ఫ్లూ వైరస్ ముల్లు కాడను పట్టుకుంటాయి. వైరస్ కణాన్ని అంటుకుంటుంది, కణం లోపలి సంచీలోకి పోతుంది కూడా. కానీ ముల్లు రూపం మార్చుకోలేక, వైరస్ పొర సంచీ పొరతో కలవక అక్కడే ఇరుక్కుంటుంది. నాకు భలే నచ్చే ట్రిక్కు ఇది!

ఇక మీ రిపోర్టు. మామూలు టెస్టు యాంటీబాడీ ఉందా లేదా అనే చెబుతుంది, అది ఎక్కడ పట్టుకుంటుందో చెప్పదు. పైగా రక్తంలో ఉన్నంత ముక్కులో ఉండకపోవచ్చు, వైరస్ దిగేది అక్కడే. 2021 చివర్లో వచ్చిన ఒమిక్రాన్ అనే కరోనా రకం అయితే ముల్లు కొసనే బాగా మార్చేసుకుంది, పాత యాంటీబాడీలు చాలావరకు పట్టు తప్పాయి.