జేఆర్ఎఫ్ వచ్చిందిగా, ఇక ఐదేళ్ల లెక్క వేసుకో

బిడ్డా,

మీ అమ్మ ఫోన్‌లో చెప్తుంటే ఆమె గొంతు ఆగలేదు, నా కన్నీళ్లూ ఆగలేదు. నల్లగొండలోనే ఉండి, కోచింగ్‌కు హైదరాబాద్ పోకుండా, లైఫ్ సైన్సెస్‌లో సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకు డబ్బు ఇచ్చే ఫెలోషిప్, తెచ్చుకోవడం చిన్న సంగతి కాదు. ఆ పరీక్షలో పార్ట్ సీలో 75 ప్రశ్నలు ఇచ్చి 25 రాయమంటారు, తప్పు రాస్తే మార్కులు కోస్తారు. ఏది ముట్టుకోవాలో ఏది వదిలేయాలో తెలిసినవాళ్లే అక్కడ గట్టెక్కుతారు. ఆ ఎంపిక నీకు వచ్చు కాబట్టే ఇప్పుడు నేను చెప్పేది కూడా నీకు ఎక్కుతుందని నా నమ్మకం. గైడ్, అంశం, డబ్బు గురించి నువ్వు అడిగినవి ఫోన్‌లో తెమిలేవి కావు, అందుకే రాస్తున్నా.

ముందుగా గడువు సంగతి. జేఆర్ఎఫ్‌గా 2 ఏళ్లు, ఆ పై మెట్టు ఎస్ఆర్ఎఫ్‌గా 3 ఏళ్లు, మొత్తం ఐదేళ్లు డబ్బు వస్తుంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్లు, పొడిగింపులు వేరే. అంటే ఆరో ఏడు కూడా నువ్వు రీసెర్చ్ స్కాలర్‌వే, కానీ ఫెలోషిప్ ఉండదు. మంచి పిల్లలు చాలామంది ఆ ఏడాదిలోనే చితికిపోతారు. థీసిస్ సగంలో ఉంటుంది, హాస్టల్ ఫీజుకు చేబదులు, ఏదో ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైమ్ పాఠాలు. కాబట్టి ఏ నిర్ణయం తీసుకున్నా "ఇది ఐదేళ్లలో ముగుస్తుందా?" అని అడుగు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు, అంశం రాసేటప్పుడు, కిట్లు ఆర్డర్ పెట్టేటప్పుడు, ఇదే ప్రశ్న.

కాగితాలతో మొదలుపెట్టు, ఈ నెలలోనే. మీసేవలో తెచ్చుకున్న మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో పనికిరాదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో, తహసీల్దార్ సంతకంతో వేరుగా తీసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, అదీ చూసుకో. తారీకు ఏ ఆర్థిక సంవత్సరంలో ఉండాలో ప్రకటనలో ఉంటుంది, పాతది పట్టుకుపోతే వెనక్కి పంపుతారు. ఇంకోటి, పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకు పాస్‌బుక్‌లో చివరన ఉంటే జాయినింగ్ రోజు నుంచే గుమాస్తా చుట్టూ తిరగాలి. ఇప్పుడే మెమో ప్రకారం అన్నీ సరిచేయించు. ఫెలోషిప్ అవార్డు లెటర్‌కు కూడా కాలపరిమితి ఉంటుంది, దాన్ని చదివి గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టు.

ఇక గైడ్. దీని మీద ఎక్కువ రాస్తా, ఎందుకంటే అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే. మీ అందరికీ ముందు సంస్థ పేరు కనిపిస్తుంది. తార్నాకలో పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, హబ్సిగూడలో కణజీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ, ఉప్పల్‌లో డీఎన్ఏ పరిశోధనల సీడీఎఫ్‌డీ, మనకు దగ్గర్లో బీబీనగర్ ఎయిమ్స్, అన్నీ గొప్పవే. కానీ ఐదేళ్లు నువ్వు బతికేది ఒక ల్యాబ్‌లో, ఒక మనిషి కింద. మన దేశపు థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఆ గైడ్ కింద వచ్చిన థీసిస్‌లు తెరిచి చూడు. ఆ పిల్లలు ఎప్పుడు చేరారు, ఎప్పుడు సమర్పించారు? అందరికీ ఏడేళ్లు పట్టి ఉంటే నీకూ అంతే పడుతుంది. పేపర్లలో మొదటి పేరు విద్యార్థిదా కాదా చూడు. రిటైర్మెంట్‌కు మూడేళ్లు కూడా లేనివాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదని నిబంధన ఉంది. ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4 మంది వరకే పరిమితి. ఇవి అడగడానికి మొహమాటపడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న పిల్లలతో క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడు. గైడ్ ఎదురుగా కాదు. "డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజులకు తిరిగొస్తుంది? ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే సెలవు ఇస్తారా? సార్ దగ్గర ప్రాజెక్టు డబ్బులు ఎప్పటిదాకా ఉన్నాయి?" అని మూడు అడుగు. వాళ్లు నోటితో ఏం చెప్పినా, చెప్పేముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే నీకు జవాబు దొరికినట్టే. పేరున్న చోట చేరి, గైడ్‌తో పొసగక మూడో ఏట మానేసిన పిల్లలను నా కళ్లతో చూశా. తెలివిలో వాళ్లు ఎవరికీ తీసిపోరు.

మెయిల్ రాసేటప్పుడు "మీ గొప్ప పరిశోధనలు చదివి ఉప్పొంగిపోయాను" లాంటివి వద్దు. వాళ్ల పేపర్ ఒకటి నిజంగా చదివి, అందులో నీకు అర్థం కాని ఒక్క విషయం అడుగు. ఐదారు వాక్యాలు చాలు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచెయ్యి, తర్వాత వదిలేయ్.

ఇక నీ అంశం. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే ఫ్లోరోసిస్ మీద చేస్తానన్నావు. మర్రిగూడ, మునుగోడు దిక్కు మన చుట్టాల నడుములు వంగిపోవడం చూసి పెరిగిన పిల్లవు, నీకు ఆ ఆలోచన రావడం సహజం. నాకు సంతోషం కూడా. కానీ "నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ అధ్యయనం" అని రాస్తే ఏ కమిటీ ముందూ నిలబడదు. మన దిక్కు మీద ఎప్పటినుంచో పని జరిగింది. మోకాళ్లు లోపలికి వంగే జెను వాల్గమ్ గురించి ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు 1973లోనే లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారుచేస్తే దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఇదంతా చదివాక ఇంకా ఏం మిగిలిందో వెతుకు.

నాకు తోచింది చెప్తా, నచ్చితే తీసుకో. ఇంటింటికీ నీళ్లిచ్చే మిషన్ భగీరథ నల్లా వచ్చాక పుట్టిన పిల్లలు ఇప్పుడు బడిలో ఉన్నారు. శాశ్వత దంతాల ఎనామిల్ తయారయ్యేది పుట్టినప్పటినుంచి దాదాపు ఎనిమిదేళ్లలోపే కాబట్టి, ఆ వయసులో ఏ నీళ్లు తాగారో పళ్ల మీద కనిపిస్తుంది. నల్లా రాకముందు పెరిగిన పిల్లల పళ్లు, తర్వాత పెరిగిన పిల్లల పళ్లు పళ్ల మచ్చలను అంచెలుగా లెక్కించే డీన్ సూచికతో పోల్చొచ్చు. నల్లా ఉన్నా వంటకు ఇంకా బోరు నీళ్లే వాడే ఇళ్లను వేరుగా లెక్కించొచ్చు. తాగునీటికి ప్రమాణాలు పెట్టే బీఐఎస్ ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నీ నమూనాలు ఆ గీతకు ఏ వైపు ఉన్నాయో చెప్పగలవు. నాలుగు ఊళ్లు, రెండు వయసు వర్గాలు, ఒక స్పష్టమైన ప్రశ్న. ఐదేళ్లలో అయ్యే పని.

ప్రపోజల్‌లో పద్ధతి రాసేచోట చేతులు తడిసినవాళ్లు రాసినట్టు ఉండాలి. నీళ్లు, మూత్రం నమూనాలు ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టు, గాజు ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది. ఎలక్ట్రోడ్‌తో కొలిచేముందు టిసాబ్ బఫర్ కలపాలి, లేకపోతే నీళ్లలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి కొలత తక్కువ చూపిస్తుంది. మన ఎండల్లో తాగే నీళ్లు పెరుగుతాయి కాబట్టి మే నెల నమూనాను డిసెంబరుదానితో కలిపేయొద్దు. ఇలాంటివి నాలుగు వాక్యాలు చదివితే చాలు, ఈ పిల్ల పని చేయగలదని కమిటీకి అర్థమవుతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క చుక్క కూడా సేకరించొద్దు. నెలలు పడుతుంది, కాబట్టి కోర్స్‌వర్క్ నడుస్తుండగానే దరఖాస్తు పెట్టు. పిల్లల మీద పని కాబట్టి తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలూ కావాలి. పన్నెండు దాటితే అది రాతపూర్వకంగా ఉండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెప్తాయి. సమ్మతి పత్రం రాశాక ముందు మీ నాయనమ్మకు చదివి వినిపించు. ఆమె ఎక్కడ "ఏందది?" అని ఆపుతుందో అక్కడ తిరగరాయి.

ఇంకో మాట, ఇది నా మనసులోది. ఆ ఊళ్లకు ఎందరో వచ్చారు, రక్తం తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, పోయారు. ఏం తేలిందో తిరిగొచ్చి చెప్పినవాళ్లు తక్కువ. నీ ప్రపోజల్‌లోనే రాయి, ప్రతి ఇంటికీ వాళ్ల బోరు ఫలితం తెలుగులో ఒక కాగితం మీద ఇస్తానని. దానికి అయ్యే ఖర్చు, రోజులు కూడా లెక్కలో చూపించు. ఫలితం చేతికి ఇవ్వలేనప్పుడు నమూనా అడిగే హక్కు మనకు లేదు.

డబ్బు సంగతి. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్‌కు నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు 42,000. హాస్టల్ ఇస్తే ఇంటద్దె భత్యం రాదు. రసాయనాలు, పుస్తకాల్లాంటి పరిశోధన ఖర్చులకు ఇచ్చే కంటింజెన్సీ ఏడాదికి 20,000. ఇవి కాగితం మీద లెక్కలు. చేరిన తర్వాత జాయినింగ్ రిపోర్టు పోయి, బిల్లులు పోయి, మొదటి డబ్బు పడేసరికి నెలలు గడవొచ్చు. తర్వాత బకాయిలన్నీ ఒకేసారి పడతాయి. ఆ రోజు ఇంట్లో బోరు వేయిద్దామనో, తమ్ముడికి బండి కొందామనో అంటారు. మీ నాయనకు ఇవ్వు, తప్పులేదు. కానీ నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టాకే ఇవ్వు. ఈఎంఐలు మాత్రం పెట్టుకోవద్దు, ఫెలోషిప్ ఒకటో తారీకున పడే జీతం కాదు. ఇది తీసుకుంటూ ఇంకో జీతం, ఇంకో ఫెలోషిప్ తీసుకోవడం కూడా కుదరదు. కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా రమ్మని ఎవరైనా పిలిస్తే ముందు లిఖితపూర్వక అనుమతి సంగతి అడుగు.

కంటింజెన్సీ బిల్లులు జీఎస్టీ నంబరుతో, సంస్థ పేరు మీద తీసుకో. కొన్న రోజే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించు. మార్చి నెలలో వినియోగ ధ్రువపత్రం కోసం అకౌంట్స్ వాళ్లు అడిగినప్పుడు అప్పుడు వెతకడం మొదలుపెడితే సగం బిల్లుల సిరా ఎగిరిపోయి ఉంటుంది. తీసుకున్న రోజే ఫొటో కొట్టుకో. ఆ అకౌంట్స్ సెక్షన్ వాళ్లతో మర్యాదగా, పేరు పెట్టి పిలిచి మాట్లాడు. ఐదేళ్లూ నీ ఫైలు కదిలేది వాళ్ల చేతుల్లోనే.

ల్యాబ్ నోట్‌బుక్ రోజూ పెన్నుతో, తారీకుతో రాయి. చెడిపోయిన ప్రయోగం కూడా రాయి. రెండేళ్లు నిండాక ఎస్ఆర్ఎఫ్‌కు పెంచడానికి బయటి నిపుణుడితో కమిటీ కూర్చుంటుంది. ఆ రోజు నీకు అండగా ఉండేది ఆ పుస్తకమే. ఆర్నెల్ల ముందే గైడ్‌కు గుర్తుచేసి తేదీ ఖాయం చేయించు. బయటి నిపుణుడు దొరకలేదని వాయిదా పడితే పెరిగే డబ్బు ఆగేది నీకే.

పెళ్లి సంగతి మీ అమ్మ అడగమంది కాబట్టి రాస్తున్నా. ఎప్పుడన్నది నీ ఇష్టం. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లకు మాత్రం ఐదేళ్ల లెక్క ముందే చెప్పండి, "పెళ్లయ్యాక చూద్దాం" అనే మాట ఒప్పుకోవద్దు. పీహెచ్‌డీ కాలంలో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉంది, ఆడపిల్లలకు గడువులో అదనంగా రెండేళ్ల సడలింపూ ఉంది. ఇది తెలియక చదువు వదిలేసినవాళ్లున్నారు.

తమ్ముడు మన మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ కదా, వాడికి ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ గురించి చెప్పు. రెండు నెలల చిన్న పరిశోధన, స్టైపెండ్ కూడా ఇస్తారు. నీ ప్రశ్నలో ఒక ముక్క వాడు చేయొచ్చు, కాలేజీలో ఒక ప్రొఫెసర్ గైడ్‌గా ఉంటే చాలు.

ఒక పేజీ, ఒక్కటే పేజీ, నీ ప్రశ్న, పద్ధతి, ఏడాదివారీ పని రాసి వచ్చే ఆదివారానికి పంపు. ఇంగ్లిష్ తప్పుల గురించి ఇప్పుడు ఆలోచించకు. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటా.

నీ పెద్దమ్మ